21 రోజుల పర్మిషన్‌కు ఏడాది ఎందుకు పడుతుంది?

వరంగల్ దగ్గర హసన్‌పర్తి దాటాక ఒక వెంచర్ ఉందని మా బావమరిదిని తీసుకెళ్లి చూపించారు. మూడెకరాల్లో 100 ఫ్లాట్లు, ఒక్కోటి 25 లక్షలు. బ్రోచర్ నిండా చెట్లు, ఉయ్యాలలు, నవ్వుతున్న కుటుంబం. మార్కెటింగ్ కుర్రాడు కారు దిగుతూనే అన్న మాట, "అప్రూవల్ వచ్చేసింది సార్." మా వాడు నాకు ఫోన్ చేసి అదే అప్పజెప్పాడు.

"ఏ అప్రూవల్?" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. "అప్రూవల్ అంటే అప్రూవలే గద బావా!"

కాదు. చిక్కంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. మనం అప్రూవల్ అని ఒక్క ముక్కలో తేల్చేసేది నిజానికి నాలుగైదు ఆఫీసులు వేసే నాలుగైదు వేర్వేరు ప్రశ్నలకు జవాబు. ఈ భూమి ఎవరిది, సాగు భూమా కాదా అని రెవెన్యూ వాళ్లు అడుగుతారు. ఈ చోట ఇళ్లు రావాలని మాస్టర్ ప్లాన్‌లో ఉందా అని కుడా, అంటే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ అడుగుతుంది. చెరువుకు, కాలువకు ఎంత దూరమని నీటిపారుదల శాఖ, కట్టబోయే భవనం కొలతలు రూల్స్‌కు సరిపోయాయా అని టౌన్ ప్లానింగ్ వాళ్లు, కొనేవాళ్ల డబ్బుకు భద్రత ఏమిటని స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా అడుగుతాయి. ఎవరి ప్రశ్న వాళ్లదే. ఒకరి సంతకం ఇంకొకరి ప్రశ్నకు జవాబు కాదు. భవన అనుమతి ప్రొసీడింగ్స్ చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో షరతులుంటాయి, ఎవరూ చదవరు. ఈ అనుమతి భూమి మీద యాజమాన్య హక్కుకు రుజువు కాదని అక్కడ రాసే ఉంటుంది. అనుమతి ఇచ్చినవాళ్లే హక్కు సంగతి మాకు తెలీదని చెప్పేస్తున్నారన్నమాట.

మరి 21 రోజుల మాట ఎక్కడిది? 2020లో తెలంగాణలో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకుంటే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాకా అయితే యజమాని తనే రాసిచ్చే ధ్రువీకరణ మీద అప్పటికప్పుడు అనుమతి. ఆ పైవాటికి సింగిల్ విండో, గడువు 21 రోజులు. ఆలోగా అధికారులు ఏ సంగతీ చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. 2025 నుంచి ఈ పని బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్‌కు మారుతూ వచ్చింది.

మంచి చట్టమే. ఇల్లు కట్టుకునే సామాన్యుడికి టెన్షన్ చాలా తగ్గించింది. కానీ ఆ 21 రోజుల గడియారం కాగితాలన్నీ సక్రమంగా చేరాకే తిరుగుతుంది. ఒక్క కాగితం తక్కువైనా 'షార్ట్‌ఫాల్' అని ఫైలు వెనక్కి వస్తుంది, గడియారం ఆగుతుంది. మన దగ్గర చవక ఇళ్ల ప్రాజెక్టులు ఆలస్యమయ్యేది ఎక్కువగా ఆ 21 రోజుల్లో కాదు, వాటికి ముందు గడిచే నెలల్లో. ఎందుకంటే చవక ఇల్లు కట్టాలంటే చవక భూమి కావాలి. భూమి చవకగా ఉందంటే దానికో కారణం ఉంటుంది.

రెండు నాలాలు

మూడెకరాలంటే 14,520 గజాలు. ఊరి చివర అంత జాగా ఒకే మనిషి పేరు మీద దొరకడం కష్టం. ఒకే సర్వే నంబరులో బై నంబర్లు, అన్నదమ్ముల పంపకాలు, పాస్‌బుక్కులో ఎకరం పది గుంటలుంటే కొలిస్తే ఎకరం ఆరు గుంటలే తేలడం, ఇవన్నీ మామూలే. గుంటకు 121 గజాలు కాబట్టి నాలుగు గుంటల తేడా అంటే దాదాపు 500 గజాలు గాల్లో కలిసినట్టే. టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్షా ముందేసుకుని సర్వేయర్ హద్దులు తేల్చేదాకా ప్లాను గీయడం దండగ.

ఆ భూమి రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో, అంటే జనం 22-ఏ అనే దాంట్లో ఉందేమో చూడాలి. అసైన్డ్ భూమి అయితే కథ అక్కడితో ముగిసినట్టే. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. చవగ్గా వస్తోందని తెల్ల కాగితం మీద రాయించుకున్నవాళ్లు ఈ జిల్లాలో తక్కువేం లేరు.

ఇవన్నీ దాటాక సాగు భూమిని సాగేతర భూమిగా మార్పించుకోవాలి. దీన్ని అందరూ 'నాలా' అంటారు. మన దగ్గర నాలా అంటే మురుగు కాలువ కూడా. అందుకే ఏజెంటు "నాలా క్లియర్ సార్" అంటే ఏ నాలా అని అడగాల్సిందే. మొదటిది రెవెన్యూ కాగితం. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాక పోర్టల్ మారినా పని అదే. రెండోది వానొస్తే తెలుస్తుంది.

నాలా మార్పిడి అయిందంటే ఇళ్లు కట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నా. అది 'ఇది ఇక పొలం కాదు' అని మాత్రమే చెబుతుంది. పొలం కాకపోతే ఏమిటి అన్నది మాస్టర్ ప్లాన్ చెప్పాలి. వరంగల్‌కు 1970ల మొదట్లో వేసిన ప్లానే దశాబ్దాల పాటు దిక్కయింది. 2041 దాకా చూపు పెట్టుకుని తయారుచేసిన కొత్త ప్లాన్‌కు ప్రభుత్వ ఆమోదం 2024 నవంబరులో గానీ రాలేదు. ఈ మధ్యకాలంలో ఊరు హసన్‌పర్తి వైపు, మడికొండ వైపు, ములుగు రోడ్డు వెంట దానంతటదే పెరిగిపోయింది. జోన్ నివాసానికి కాకుండా వేరేగా ఉంటే భూ వినియోగ మార్పు కోసం ఫైలు హైదరాబాద్ పోవాలి. పత్రికల్లో ప్రకటన వేసి అభ్యంతరాలు పిలవాలి, ఛార్జీలు కట్టాలి. పక్కింటివాళ్లు, ఊరివాళ్లు చట్టబద్ధంగా తమ మాట చెప్పుకోవడానికి దొరికే ఒకే ఒక్క సందు దాదాపుగా ఇదే. ఆ ప్రకటన మూలన చిన్న డబ్బాలో పడుతుంది, ఎవరి కంటా పడదు.

ఊరివాళ్ల మాట అడక్కపోతే ఏమవుతుందో 2022లో చూశాం. అవుటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఊళ్లలో వేల ఎకరాల భూసమీకరణకు కుడా దిగితే రైతులు రోడ్డెక్కారు. చివరికి అందుకోసం తెచ్చిన 80-ఏ జీవోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

నీళ్లు పోయే తోవ

ఇక రెండో నాలా. వరంగల్‌లో ఏ ప్రాజెక్టు గురించి మాట్లాడినా ఇక్కడ కాసేపు ఆగాలి. ఇది గొలుసుకట్టు చెరువుల ఊరు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేలా కాకతీయుల కాలం నాటి లెక్క. వడ్డేపల్లి, భద్రకాళి, ఉర్సు రంగసముద్రం, వాటి మధ్య కాలువలు, కుంటలు. చెరువు కనిపిస్తుంది కాబట్టి అందులో ఇల్లు కట్టడానికి ఎవరైనా వెనకాడతారు. చెరువుకూ చెరువుకూ మధ్య నీళ్లు నడిచే తోవ మాత్రం పదకొండు నెలలు ఎండి, గడ్డి మొలిచి, అచ్చం ప్లాటులాగే కనిపిస్తుంది.

2023 జులై చివర్లో ఆ తోవ ఎక్కడుందో ఊరందరికీ తెలిసింది. నయీంనగర్ నాలా పొంగింది, బొందివాగు హంటర్ రోడ్డు మీదికొచ్చింది, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీల్లో జనాన్ని పడవల్లో బయటికి తేవాల్సి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు, 2020 ఆగస్టులోనూ ఇదే జరిగింది. మునిగిన ఇళ్లలో చాలావరకు మధ్యతరగతివి, పేదలవి. వాళ్లెవరూ కావాలని నీళ్లలోకి వెళ్లలేదు. గజం నాలుగు వేలు తక్కువని వెళ్లారు.

రూల్స్ మాత్రం స్పష్టంగానే ఉన్నాయి. 2012 నాటి భవన నిబంధనలు, జనం 168 జీవో అనేవి, ఇప్పటికీ ఆధారం. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. చెరువు 10 హెక్టార్లకు మించితే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడదు. కాలువ, వాగు, నాలా 10 మీటర్ల కంటే వెడల్పుంటే దాని హద్దు నుంచి 9 మీటర్లు, సన్నదైతే 2 మీటర్లు వదలాలి. అందుకే నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం అడుగుతారు.

ఎన్‌ఓసీ ఎందుకు ఆలస్యమవుతుందో బిల్డర్లను అడిగితే చేతివాటం అంటారు. అది లేదని నేననను. అసలు కారణం ఇంకోటి కూడా ఉంది. ఎఫ్‌టీఎల్ గీత తేలాలంటే రెవెన్యూ, నీటిపారుదల సర్వేయర్లు ఇద్దరూ కలిసి దిగాలి. శిఖం పట్టాదార్లు, అంటే చెరువు లోపలి భూమికి పట్టా ఉన్నవాళ్లు అభ్యంతరం చెబుతారు. పాత నక్షాలో కాలువ ఒకచోట ఉంటుంది, నేల మీద ఎవరో ఎప్పుడో ఇంకోవైపు మళ్లించి ఉంటారు. ఈ ఒక్క ఫైలు ఆలస్యమైతే మాత్రం నాకు కోపం రాదు. సంతకం తొందరగా పడిపోతేనే భయం.

టేపు పట్టుకుని

ఆ ఆదివారం మేమిద్దరం సైటుకు పోయాం. బావమరిది టేపు తెచ్చాడు, ఫర్నిచర్ పని చేసేవాళ్లు వాడే ఐదు మీటర్లది. మెయిన్ రోడ్డు నుంచి సైటుకు పోయే దారి బ్రోచర్‌లో 40 అడుగులని వేశారు. దారి మొదట్లో కొలిస్తే 38 వచ్చింది. ఫర్వాలేదు అనుకున్నాం. రెండు వందల అడుగులు లోపలికి పోయాక ఒక పాత ఇంటి ప్రహరీ ముందుకొచ్చి ఉంది, ఎదురుగా కరెంటు స్తంభం. అక్కడ కొలిస్తే 24. ఆ ఇంటి పెద్దావిడ బయటికొచ్చి, "రోడ్డుకా బిడ్డా? నా గోడ మాత్రం ముట్టొద్దు" అంది. మేం కొనేవాళ్లమమ్మా అని చెప్పినా నమ్మినట్టు లేదు.

ఆ గోడ ఎందుకంత ముఖ్యమంటే, తెలంగాణలో ఎన్ని అంతస్తులు కట్టొచ్చనేది ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో స్థలానికి ఇన్ని రెట్లు కట్టొచ్చని లెక్క ఉంటుంది. మన దగ్గర అది లేదు. రోడ్డు, ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఈ మూడింటి లెక్కే. 168 జీవో పట్టికలో 21 మీటర్ల ఎత్తు భవనానికి 12 మీటర్ల రోడ్డు, అంటే 40 అడుగులు ఉండాలి. 30 మీటర్ల ఎత్తుకు పోవాలంటే 18 మీటర్ల రోడ్డు కావాలి. రోడ్డు సన్నబడితే అంతస్తులు తగ్గుతాయి, అంతస్తులు తగ్గితే అదే భూమి ఖర్చు తక్కువ ఫ్లాట్ల మీద పడుతుంది, 25 లక్షల ఫ్లాటు 32 లక్షలవుతుంది. బిల్డర్ తన స్థలం ముందు రోడ్డుకు జాగా వదిలి రాసివ్వగలడు. ఆ పెద్దావిడ ప్రహరీ మాత్రం ఆయన చేతిలో లేదు.

స్థలంలో పదో వంతు ఆట స్థలానికి, చెట్లకు వదలడం కూడా తప్పనిసరే. మూడెకరాల్లో అది 1,452 గజాలు. బ్రోచర్‌లో ఆ పార్కును వరంలా చూపిస్తారు. అది వాళ్లు ఇచ్చేది కాదు, చట్టం ఇప్పించేది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎత్తు పెరిగితే అగ్నిమాపక శాఖ. మొత్తం నిర్మాణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి. మామునూరు విమానాశ్రయానికి మళ్లీ ప్రాణం పోస్తున్నారు కాబట్టి ఆ చుట్టుపక్కల ఎత్తుకు విమానాశ్రయాల సంస్థ ఎన్‌ఓసీ. ఇక ఖిలా వరంగల్‌లో, వేయిస్తంభాల గుడి చుట్టూ అయితే కేంద్ర పురావస్తు చట్టం ఉంది. రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన 200 మీటర్లు ఢిల్లీ అనుమతితోనే. కోటలో తరతరాలుగా ఉంటున్నవాళ్లు పైకప్పు బాగుచేయించుకోవాలన్నా అడగాల్సిందే. చవక ఇళ్లు ఊరి నడుమ రాకుండా ఊరి చివరికే పోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి, ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఎవరికి చవక?

అందుబాటు ధర ఇల్లు అనే మాటకూ అప్రూవల్ గతే పట్టింది. జీఎస్టీ వాళ్ల లెక్కలో ధర 45 లక్షలు దాటకుండా, కార్పెట్ ఏరియా హైదరాబాద్ లాంటి మహానగరాల్లో 60, మిగతా ఊళ్లలో 90 చదరపు మీటర్ల లోపు ఉంటే అది అందుబాటు ఇల్లు. పన్ను 5 శాతానికి బదులు 1 శాతం. వరంగల్ మహానగరం కాదు కాబట్టి ఇక్కడ 968 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా ఉన్న ఇల్లు కూడా 'చవకే'. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత ఆదాయం చూస్తుంది. ఏడాదికి 3 లక్షల లోపు ఒక వర్గం, 6 లక్షల దాకా ఒకటి, 9 లక్షల దాకా ఇంకోటి. రాష్ట్రం కట్టించిన డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు, ఇందిరమ్మ ఇల్లు 400 నుంచి 600. ఇందిరమ్మ పథకంలో 5 లక్షల సాయం వచ్చేది సొంత జాగా ఉన్నవాళ్లకు.

నెలకు 25 వేలు సంపాదించే కుటుంబాన్ని తీసుకుందాం. ఏడాదికి 3 లక్షలు. 25 లక్షల ఫ్లాటుకు 5 లక్షలు ఎలాగోలా తెచ్చి, 20 లక్షలు 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు అప్పు చేస్తే నెల కిస్తీ దాదాపు 18 వేలు. మిగిలే 7 వేలతో బియ్యం కొనాలా, పిల్లల ఫీజు కట్టాలా? ప్రైవేటు వెంచర్ ఎంత చవకైనా వాళ్లది కాదు. అది చిరు ఉద్యోగులది, గీసుగొండ టెక్స్‌టైల్ పార్కులో సూపర్‌వైజర్లది, మా బావమరిది లాంటివాళ్లది. అంతకంటే కిందివాళ్లకు ప్రభుత్వమే కట్టాలి. ప్రభుత్వం కడితే అనుమతుల బాధ ఉండదనుకుంటే అదీ కాదు. హనుమకొండ అంబేడ్కర్ నగర్‌లో డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టడం అయ్యాక కూడా లబ్ధిదారుల చేతికి రావడానికి ఏళ్లు పట్టింది.

ఆలస్యం పేదింటి మీద ఎక్కువ బరువు వేస్తుంది. మూడెకరాల భూమి 6 కోట్లకు, 12 శాతం వడ్డీకి తెచ్చారనుకోండి. ఏడాది ఆగితే 72 లక్షల వడ్డీ, 100 ఫ్లాట్లకు పంచితే ఒక్కోదానికి 72 వేలు. కోటి రూపాయల ఫ్లాటు కొనేవాడికి అది లెక్కలోకి రాదు. 25 లక్షలవాడికి దాదాపు 3 శాతం. ఈ వడ్డీ భయంతోనే అనుమతి రాకముందే అమ్మకాలు మొదలుపెడతారు. దానికి ముద్దుపేరు ప్రీలాంచ్.

చట్టంలో ఆ పేరు లేదు. 2016 రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరాలో నమోదు కాకుండా ప్రకటన వేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. స్థానిక సంస్థ అనుమతి లేకుండా రెరా నంబరు రాదు. నంబరు వచ్చాక కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి అడ్వాన్స్ అడగకూడదు. కొనేవాళ్ల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడిగా ఒక ఖాతాలో ఉండాలి. ఈ 70 శాతం నిబంధనకు ముందు ఒక వెంచర్ డబ్బుతో ఇంకో వెంచర్‌కు భూమి కొనడం మన దగ్గర వ్యాపార సూత్రం లాంటిదే.

కొనేవాళ్లు తరచూ మరిచిపోయేది ఇంకోటుంది. భవన అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతం అనుమతి ఇచ్చే సంస్థకు మార్టిగేజ్ చేయించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టి ఓసీ, అంటే నివాసయోగ్య పత్రం తెచ్చుకుంటేనే విడిపిస్తారు. 100 ఫ్లాట్లలో సుమారు పది అలా తాకట్టులో ఉంటాయి. అవేవో మార్టిగేజ్ డీడ్‌లో నంబర్లతో సహా ఉంటుంది. మీకు రేటు తగ్గించి ఇస్తామన్న ఫ్లాటు ఆ పదిలోది కాదు కదా అని ఒకసారి చూసుకోవాలి.

ఇదంతా మా వాడికి ఇంట్లో చాయ్ తాగుతూ చెప్పాను. వాడు నోట్సు రాసుకోలేదు గానీ మార్కెటింగ్ కుర్రాడికి మెసేజ్ పెట్టాడు, అప్రూవల్ కాపీ పంపమని. అరగంటలో వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. పైన ప్రభుత్వ చిహ్నం, కింద క్యూఆర్ కోడ్, చూడ్డానికి ఘనంగానే ఉంది. చదివితే అది దరఖాస్తు అందినట్టు ఇచ్చిన రసీదు. మా వాడు ఆ ఫైలు నంబరును పోర్టల్‌లో కొట్టాడు. రెండుసార్లు తిరిగి పేజీ తెరుచుకుంది. స్టేటస్ దగ్గర ఎర్రటి అక్షరాల్లో షార్ట్‌ఫాల్ అని ఉంది. కావలసిన కాగితాల్లో మొదటిది నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ, రెండోది అప్రోచ్ రోడ్డు స్కెచ్.

"టేపు నీ దగ్గర్నే ఉంచుకో బావా," అన్నాడు, "వచ్చే ఆదివారం మడికొండ దిక్కు ఒకటి చూపిస్తా అన్నరు."